డ్రాగన్ లోయలో అత్తయ్య

మా అత్తయ్య రత్నకుమారి గారిది కరీంనగర్. ఊళ్లో అందరినీ "నువ్వు" అనే మనిషి, నన్ను మాత్రం "మీరు" అంటుంది. నాది భీమవరం. మా ఇంట్లో పిల్లిని కూడా "అండీ" అంటారని ఆవిడకి ఎవరు చెప్పారో. పెళ్లయిన దగ్గర్నుంచీ "టీ తాగుతరాండీ?" అని అడుగుతుంటే నేను ఆ ఇంటికి చుట్టపుచూపుగా వచ్చినట్టు ఉండేది. జర్మన్‌లో మన "మీరు"ని "జీ" అంటారు, "నువ్వు"ని "డూ" అంటారు. ఇక్కడ జర్మనీలో, ఎష్‌బోర్న్ ఆఫీసులో మా మేనేజర్ చేరిన రోజే నన్ను "డూ" అనేశాడు. మా దగ్గర కొన్నాళ్లుందామని జర్మనీ వచ్చాక కూడా అత్తయ్య మాత్రం "జీ" దగ్గరే ఆగిపోయింది. ఆవిడ నోట ఒక్క "నువ్వు" వినాలని నాకు మనసు పీకేది.

అమెరికా ఎడారి లోయలన్నీ తిప్పుతానన్న మా ఆయన రవికిరణ్‌కి వీసా టెర్మినే, అదే అపాయింట్‌మెంటే, దొరకలేదు. పోనీ, ఇక్కడి లోయైనా చూద్దామని, ఐజెనాఖ్ దగ్గరున్న డ్రాఖెన్‌ష్లుఖ్ట్‌కి ప్రయాణం పెట్టాను. తీరా ఆయనకి ఆఫీసు పని పడింది. ఎక్కడికి పిలిచినా మోకాళ్లు అడ్డం పెట్టే అత్తయ్య, ఈసారి ఠక్కున చీర మార్చుకుని ఖాళీ సంచి ఒకటి పట్టుకుంది. రైలెక్కాం.

లోయలో రెండువైపులా నాచు పట్టిన నిలువు రాళ్లు, కాళ్ల కింద నడకబాట, దాని కింద పారే నీళ్లు. నాకు ప్రాణం లేచొచ్చింది. అత్తయ్య అటూ ఇటూ చూసి, "తోట ఏడున్నదండీ?" అంది.

ఏ తోటని అడిగితే, ద్రాక్షతోట అంది. డ్రాఖెన్ అంటే డ్రాగన్. ఆవిడకి ద్రాక్షలా వినబడింది. సంచి పళ్లకన్నమాట. సంగతి చెప్పాక నవ్వలేదు, కోప్పడనూ లేదు. "పర్వాలేదండీ, మంచిగనే ఉంది" అంది. ఆ మర్యాదకి నాకు ఏడుపొచ్చింది. సొంత మనిషినైతే నాలుగు తిట్టేది కదా.

ముందుకెళ్లేసరికి దారి మరీ ఇరుకైంది. అత్తయ్య కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, పక్కకి తిరిగి సులువుగా అవతలికి పోయింది. నేను పులిహోర, పెరుగన్నం, గొడుగులు కుక్కిన బ్యాగు వీపున వేసుకుని తిన్నగా దూరాను. రాళ్ల మధ్య ఇరుక్కుపోయాను. ముందుకి రాలేను, వెనక్కి పోలేను. వెనకాల ఒక జర్మన్ జంట ఓపిగ్గా నిలబడింది. నాకు ఊపిరాడనట్టయి "అత్తయ్యా" అన్నాను.

ఆవిడ గబగబా వెనక్కి వచ్చింది.

"గంత మూటేసుకొని ఎవలన్న దూరుతరానే? తెలివున్నదా నీకు? చెయ్యి తియ్యి దాంట్లకెళ్లి. ఇంకో చెయ్యి. ఆఁ, ముందుగాల నువ్వు రా, నేను గుంజుత."

ఒక్క లాగుకి వెళ్లి ఆవిడ మీద పడ్డాను. బ్యాగు ఆ జంట అందించింది. నా ముఖం చూసి అత్తయ్యకి ఇంకా మండింది.

"నవ్వుతున్నవేందే?"

"ఏం లేదత్తయ్యా. ఇంకోసారి తిట్టండి."

ఆవిడ ఒక క్షణం నన్నే చూసింది. అర్థమైంది కాబోలు, ముఖం మెత్తబడింది. పట్టుకున్న చెయ్యి వదల్లేదు.

"నడువు పిచ్చిదానా, ఆకలైతుంది" అంది.