అమ్మ చేతి గింజలు

శుభవార్త వచ్చేసరికి కొత్త కోడలి చేతులు రెండూ మణికట్టు దాకా గుమ్మడికాయ పొట్టలో ఉన్నాయి. వంటింటి గట్టు మీద ఫోను గిలగిల్లాడుతూ మోగుతోంది. మోచేత్తో నొక్కి, చెవి దగ్గరగా వంగింది. అవతల మొగుడి గొంతు, దాని వెనక ప్రెస్సులో మిషన్ల చప్పుడు.

"నీ గింజలు గెలిచాయోయ్," అన్నాడు.

సంగతేమిటంటే, మర్నాడు ప్రెస్సు వార్షికోత్సవం. అచ్చు వేయించుకునేవాళ్ళందరినీ పిలిచారు. వాళ్ళకేం పెట్టాలా అని యజమానురాలు వారం నుంచీ తల పట్టుకుని కూర్చుంది. కేకు అంటే చేతులు జిడ్డవుతాయంది, బిస్కెట్లంటే అందరూ పెట్టేవే అంది. చివరికి ఆ పొద్దున టీ తాగుతూ అతని డబ్బాలోంచి నాలుగు వేయించిన గుమ్మడి గింజలు నోట్లో వేసుకుని, ఇంకో నాలుగు వేసుకుని, ఇవే పెడదామని తేల్చేసింది. ప్రెస్సు ఆవరణలోనే స్టవ్వు పెట్టి, వచ్చినవాళ్ళకు వేడివేడిగా పొట్లాల్లో పోసివ్వాలట. చేసిన మనిషిని వెంటబెట్టుకు రమ్మందట.

అక్కడికి వచ్చేసరికి అతని గొంతు కాస్త తడబడింది. మిగతాది ఇంటికొచ్చి చెబుతానని పెట్టేశాడు. ఆ తడబాటు ఆమె గమనించనే లేదు. గుమ్మడికాయ పీచు వేళ్ళకు వేలాడుతుండగానే వంటింట్లో ఒక చుట్టు గిర్రున తిరిగింది.

ఆమెకు సంతోషించడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు. ఒకే గ్లాసులో రెండు టూత్ బ్రష్షులు కనబడితే చాలు, పొద్దున్నే మనసు నిండిపోతుంది. మొగుడి చొక్కా జేబుకు అంటిన సిరా మరకను ఉతకబోయి, ముచ్చటపడి ఆగిపోయిన మనిషి. అయితే ఈ సంతోషం వేరు. ఈ ఇంట్లో ఉప్పు ఎక్కడుండాలో, మూకుడు ఏ మేకుకు తగిలించాలో, పాలు ఎంతసేపు కాగాలో అన్నీ ఆమె రాకముందే ఖాయమైపోయాయి. అవన్నీ అత్తగారివి. గింజలు మాత్రం తనవి.

కాపురానికి వచ్చిన కొత్తలో ఒకనాడు అత్తగారు గుమ్మడికాయ కోసి, గింజలూ పీచూ కలిపి చెత్తబుట్టలో వేయబోతుంటే, డిగ్రీలో వృక్షశాస్త్రం చదివిన కోడలు ఆలోచించకుండా ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఆవిడ ముందు తన చేతిని చూసుకుంది, తర్వాత కోడలి మొహం చూసింది. అవి పిట్టలు తింటాయి అమ్మాయ్, మనుషులు కాదు అంది. అయినా ఇచ్చింది.

పీచులోంచి గింజలు వేరుచేయడమే అసలు పని. పట్టుకుంటే చేపల్లా జారిపోతాయి. నీళ్ళలో పడేసి పిసికితే గింజలు పైకి తేలతాయి, పీచు కిందికి దిగుతుంది. తర్వాత ఉప్పునీళ్ళలో కాసేపు ఉడికించాలి. ఉత్తినే పైన ఉప్పు చల్లితే నాలుకకు తగిలి ఊరుకుంటుంది, ఉడికిస్తే పప్పు దాకా దిగుతుంది. గుడ్డ మీద పరిచి గలగలలాడేదాకా ఆరబెట్టాలి. ఆపైన మందపాటి మూకుడు, సన్నటి సెగ, ఓపిక. కాసేపటికి ఒక గింజ చిటపటమంటుంది, దాన్ని చూసి ఇంకోటి ఎగురుతుంది. అప్పుడు దించేయాలి.

ఆ రోజు అత్తగారు ఒక్క గింజ నోట్లో వేసుకుని, చాలాసేపు నమిలి, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. తెల్లారి చూస్తే సీసాలో గింజలు సగానికి దిగి ఉన్నాయి. ఇద్దరూ ఆ విషయం ఎత్తలేదు.

ఆ సీసాలోంచే అతని డబ్బాలోకి వెళ్ళేవి. ప్రెస్సులో అందరి చేతులూ సిరాతో నల్లగా ఉంటాయి కాబట్టి, చెడిపోయిన కాగితాలు పొట్లంగా చుట్టుకుని, తలెత్తి నోట్లోకి ఒంపుకుంటారట. ఆమె పనిచేసే ఆస్పత్రిలో పళ్ళ డాక్టరుగారు కూడా రెండు నమిలి, ఇవి నలుగురికీ పంచమ్మా, మన వ్యాపారం పుంజుకుంటుంది అన్నారు.

సాయంత్రం మొగుడు వచ్చాడు. శుభవార్త తెచ్చినవాడి నడకలా లేదది. చెప్పులు గుమ్మం బయట చాలా శ్రద్ధగా జతచేసి పెట్టాడు, ఎప్పుడూ అలా పెట్టే అలవాటు లేదు. జేబులోంచి ఒక కాగితం పొట్లం తీసి గట్టు మీద పెట్టాడు. రేపటి కోసం మధ్యాహ్నమే అచ్చేశారట. నున్నటి తెల్ల కాగితం మీద ఎర్రటి అక్షరాలు, చుట్టూ గుమ్మడి తీగ. అక్షరాలు బొద్దుగా, ముద్దుగా ఉన్నాయి.

అమ్మ చేతి గింజలు.

బాగుందనే అనబోయింది. సగంలో ఆగి అతని మొహం చూసింది. అతను ఫ్రిజ్ వైపు చూస్తున్నాడు.

సంగతి నెమ్మదిగా బయటపడింది. మొదటిసారి డబ్బా తీసుకెళ్ళిన రోజున కటింగ్ మిషన్ దగ్గరి పెద్దాయన, కొత్త పెళ్ళికొడుకు డబ్బా చూడండ్రా అంటూ అందరినీ పోగేశాడట. పెళ్ళాం తినిపించి పంపిందా, నువ్వే తిన్నావా అని ఒకటే ఆట పట్టించారట. సిగ్గుపడి, మా అమ్మ చేసిందనేశాడు. వాళ్ళ నోళ్ళు మూతపడ్డాయి. ఆ తర్వాత ప్రతి డబ్బా అమ్మ ఖాతాలోకే పోయింది. ఇవాళ యజమానురాలు, అమ్మలు తప్ప ఇంత ఓపికగా ఎవరు చేస్తారు అంటూ కళ్ళు తుడుచుకుంటుంటే, మధ్యలో ఎలా చెప్పడం?

"అంటే," అంది ఆమె, "ఇన్నాళ్ళూ నేను చేసి పంపినవన్నీ మీ అమ్మగారు చేసినట్టు చెప్పారన్నమాట మీరు."

ఇద్దరే ఉన్నప్పుడు అతను 'నువ్వు'. 'మీరు' వచ్చిందంటే ముప్పు వచ్చినట్టే. అది తెలిసీ అతను తొందరపడ్డాడు.

"ఒక్క పూటే కదా. అమ్మకి ఇవాళ నేర్పించేయ్. రేపు అమ్మ వేయిస్తుంది, నువ్వు పక్కనుండి అందిస్తూ ఉండు."

ఆమెకు చెవుల్లోంచి ఆవిరి వచ్చినంత పనైంది. నేర్పించాలట. వేళ్ళ సందులు ఉప్పుకు మండినది తను, మూకుడు ముందు నిలబడి ఒక్కో గింజ తిరగేసింది తను. తన పనిని తనే ఇంకొకరికి నేర్పి, వాళ్ళను కుర్చీలో కూర్చోబెట్టి దండ వేసి, ఆ దండలోంచి రాలిన పువ్వులు ఏరుకోవాలి కాబోలు.

"పెళ్ళి ఫొటోలో కూడా నన్ను పక్కకి జరిపి ఎవరినైనా నిలబెట్టలేకపోయారా? అక్కడా ఆట పట్టించి ఉంటారుగా," అంది.

అతను నోరు తెరిచాడు. కానీ అతని చూపు ఆమె భుజం మీదుగా వెళ్ళి అక్కడే ఆగిపోయింది. డాబా మీద ఆరిన బట్టలు చేతుల నిండా పెట్టుకుని అత్తగారు గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎంత విందో.

ఆవిడ బట్టలు కుర్చీలో పడేసి, పొట్లం అందుకుని, చెయ్యి బారుగా చాపి దూరం పెట్టుకుని చదివింది. కోడలు ఆవిడ మొహమే చూస్తోంది. ఇప్పుడావిడ మురిసిపోతే? అచ్చులో తన పేరు చూసుకున్నట్టు ఆ కాగితాన్ని మడిచి దాచుకుంటే? ఉప్పు డబ్బాలాగా, మూకుడు మేకులాగా, గింజలు కూడా ఆవిడవైపోతాయి. ఇక ఈ వంటింట్లో తనదంటూ మిగిలేది ఏప్రన్ ఒక్కటే.

"ఏ అమ్మ?" అంది అత్తగారు.

కొడుకు గొంతు సవరించుకున్నాడు. ఆవిడ వినదల్చుకోలేదు.

"బడికి వెళ్ళినన్నాళ్ళు, కాలేజీకి వెళ్ళినన్నాళ్ళు, ప్రెస్సుకి వెళ్ళినన్నాళ్ళు నీకు డబ్బా కట్టాను. ఏ ఒక్కనాడైనా ఇది మా అమ్మ చేసిందని ఎవరికైనా చెప్పావురా?"

అతను గుర్తు తెచ్చుకోవడానికి పాపం నిజంగానే ప్రయత్నించాడు.

"చేసినప్పుడు చెప్పలేదు. చెయ్యనిదానికి అచ్చేయించి తెచ్చావు. ఈ గింజలు జీవితమంతా చెత్తలో పోసినదాన్ని నేను. రేపు ఆ మహాతల్లి అందరి ముందూ కళ్ళు తుడుచుకుంటూ నా చేతులు పట్టుకుంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

ఆ తర్వాత చాలానే అంది. చిన్నప్పుడు ఇరుగింటావిడ చేసిన లడ్డూలు తిని మా అమ్మకి రావు అన్న సంగతి దగ్గర మొదలుపెట్టి, మొన్న కూరలో ఉప్పెక్కువైతే మాత్రం ఎవరు చేశారో వెంటనే గుర్తొచ్చిన సంగతి దాకా వచ్చింది. కోడలు తన కోపాన్ని కాసేపు పక్కన పెట్టి వింది. ఆవిడ కోపం ముందు తనది నిన్నగాక మొన్న పుట్టింది. మొగుడు గోడకు ఆనుకుని రెండు కోపాల మధ్య పొట్లంలా చుట్టుకుపోయాడు.

చివరికి ఆవిడ కోడలి వైపు తిరిగింది.

"నీదీ తప్పుంది అమ్మాయ్. ఆ రోజే బాగున్నాయని నేను అనలేదు, నువ్వూ అడగలేదు. సీసాలో సగం తిన్నది నేనే."

"తెలుసు అత్తయ్యా."

"తెలిసి అడగవేం మరి?" అని గదమాయించి, అత్తగారు చీర కొంగు నడుముకు బిగించింది. గుమ్మడికాయలో మిగిలిన పీచును ఒక్క చేత్తో గిన్నెలోకి లాగి కొడుకు ముందుకు తోసింది. గింజలు వేరుచెయ్యమంది. అతను చేతులు పెట్టాడు. మొదటి గింజ జారి ఫ్రిజ్ కిందికి పోయింది. కోడలికి నవ్వొచ్చింది, కానీ ఆ నవ్వును అతనికి అప్పుడే ఇవ్వదల్చుకోలేదు.

అచ్చు వేసిన పొట్లాలన్నీ ఏం చెయ్యాలి, యజమానురాలికి ఏం చెప్పాలి అని అతను గిన్నెలోకి చూస్తూ గొణిగాడు.

"తిరగేసి చుట్టు," అంది ఆమె. "అక్షరాలు లోపలికి పోతాయి. పైన తెల్లగా ఉంటుంది."

"మరి ఎవరు చేశారని?"

"దానికి నీకు నోరుందిగా," అంది అత్తగారు. "రేపు పొద్దున్నే ముగ్గురం వెళ్తున్నాం. ముందు ఆవిడకి జరిగింది జరిగినట్టు చెబుతావు. తర్వాత ఇది వేయిస్తుంది, నువ్వు పొట్లాలు చుట్టి ఇస్తావు. ఇచ్చిన ప్రతి మనిషికీ నా పెళ్ళాం చేసిందని చెప్పి మరీ ఇస్తావు. ఆ కటింగ్ మిషన్ పెద్దాయనకి రెండుసార్లు చెబుతావు."

"నువ్వేం చేస్తావమ్మా?"

"నేను పక్కనే కుర్చీ వేసుకుని తింటాను," అంది ఆవిడ.