మెట్టు మీద నీళ్ళు

రిబ్బన్ ఇస్త్రీ చేయడం రలీత్సా పని. ఆరు మీటర్ల శాటిన్ గుడ్డ, మూడు వేళ్ళ వెడల్పు. ఎక్కడ మడత ఉండిపోతే గాలిలో అక్కడే ముడి పడుతుంది. ముడి పడితే మార్కు పోతుంది. ఆ రోజు పొద్దున్నే లేచి వంటగది బల్ల మీద దుప్పటి పరిచి మొదలుపెట్టింది. కుడికాలి మీద నిలబడి చేస్తోంది. ఎడమ పాదాన్ని నేలకి ఆనీ ఆనకుండా పెట్టింది.

ఎనిమిది గంటల రైలుకి హెల్సింకీ వెళ్ళాలి. యూరప్ రిథమిక్ జిమ్నాస్టిక్స్ పోటీలకి ఫిన్లాండ్ తరఫున ఒక్క అమ్మాయినే పంపుతారు. ఆ ఒక్కరు ఎవరన్నది ఈ మధ్యాహ్నం తేలుతుంది.

నిన్న మధ్యాహ్నం నుంచి ఆమె నీళ్ళు ముట్టలేదు. హాలులో అడుగు పెట్టగానే కోచ్ మార్గిత్ సంచిలోంచి తూకం యంత్రం తీసి నేల మీద పెడుతుంది. "నీళ్ళకీ బరువుంటుంది పిల్లా" అంటుంది. నవ్వుతూనే అంటుంది. రలీత్సా నాలుక అంగిటికి అతుక్కుపోయింది. పంపు చేయి చాస్తే అందేంత దూరంలో ఉంది. అటు చూడకుండా ఇస్త్రీ చేసింది.

పై గదిలోంచి ముసలామె కేక వేసింది. "స్నెజానా! ఎంతసేపు? పక్క తడిసింది." ఆ వెంటనే అమ్మ మెట్లెక్కుతున్న చప్పుడు. అమ్మ బల్గేరియాలో, పెర్నిక్ ఊళ్ళో లెక్కల టీచరు. ఇక్కడ ఒక ముసలామెకి పక్క మారుస్తుంది, ఒళ్ళు తుడుస్తుంది, గంజి తినిపిస్తుంది. జీతం లేదు. ఆమె ఈ ఇంటి కోడలు కదా. పెళ్ళినాడు అమ్మ కొత్త భర్త వెయ్‌క్కో గ్లాసెత్తి అందరి ముందూ అన్నాడు. "మా అమ్మకి మనిషి కావాలి, వీళ్ళమ్మాయికి జెండా కావాలి. ఇద్దరికీ కుదిరింది." బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. అమ్మా నవ్వింది. రలీత్సాకి అప్పుడు పదమూడేళ్ళు. ఆ నవ్వులో అమ్మ పళ్ళు మాత్రమే కనిపించాయి ఆమెకి.

జెండా కావాలనుకున్నది ఎవరో ఆమెకి ఇప్పటికీ సరిగ్గా తెలియదు. పెర్నిక్‌లో ఆరుగురి జట్టుకి ఆమె ఎప్పుడూ ఏడోది. అక్కడి కోచ్ తొడ మీద గిల్లి, "నీకు ఎముకలే బరువమ్మా, ఏం చేస్తాం" అనేది. వేరే దేశం తరఫున దిగితే మొదటి స్థానమే దొరుకుతుందని అమ్మకి ఎవరో చెప్పారు. ఈ పెళ్ళితో ఫిన్లాండ్ కాగితాలు వచ్చాయి. బల్గేరియా క్రీడా సమాఖ్య ఆమెని వదిలిపెడుతున్నట్టు ఉత్తరం ఇవ్వడానికి ఏడు నెలలు తిప్పింది. ఆ తర్వాత ఒక ఏడాది ఏ పోటీలోనూ దిగకూడదన్నారు. ఆ ఏడాదంతా గోడ ముందు ఒక్కతే రిబ్బన్ తిప్పింది. కొత్త జెండాతో మొదటిసారి దిగిన రోజు మైకులో ఆమె పేరు, ఆ వెనక ఫిన్లాండ్ అని పిలిచారు. ఎవరినో పిలుస్తున్నారనుకుని నిలబడిపోయింది. మార్గిత్ వీపు మీద చేయి వేసి తోస్తే గానీ కదలలేదు. ఆలస్యానికి మార్కు కోశారు. ఆ సాయంత్రం బట్టలు మార్చుకునే గదిలో బల్గేరియా పిల్లలు ఆమెని చూసి మాట్లాడుకోవడం ఆపేశారు. బయట ఫిన్లాండ్ పిల్ల తల్లి ఒకామె, "మన దేశంలో పిల్లలు అయిపోయారు కాబోలు" అంది. మెల్లగానే అంది, కానీ ఆ భాష రలీత్సాకి అప్పటికే వచ్చేసింది.

ఆ భయాలన్నీ ఆమె మోసింది. ఇప్పటి భయం వేరు. ఇది పాదంలో ఉంది.

జనవరిలో ఒక పోటీకి బయల్దేరుతుంటే అమ్మ మగ్గు నిండా నీళ్ళు తెచ్చి వాకిట్లో మెట్టు మీద ఆమె ముందు పోసింది. పెర్నిక్‌లో పరీక్షకి వెళ్ళే ప్రతి పిల్లకీ అలాగే పోస్తారు. పని నీళ్ళలా సాగిపోవాలని. రలీత్సా దాటి వెళ్ళింది. ఆటలో వాడే బంతి మరిచిపోయి రెండు నిమిషాల్లో వెనక్కి వచ్చింది. బయట సున్నాకి ఇరవై డిగ్రీల కింద ఉంది. మెట్టు మీద నీళ్ళు అద్దంలా గడ్డకట్టి ఉన్నాయి. ఎడమ పాదం కిందికి మడుచుకుని పడింది. లోపల చిన్న పుల్ల విరిగినట్టు వినిపించింది. వెయ్‌క్కో కిటికీలోంచి చూసి నవ్వాడు. "స్నెజానా, మీ ఊరి అదృష్టం మా ఊళ్ళో జారుతుందే!" తర్వాత నవ్వు ఆపేశాడు. "నేను పడి ఉంటే? మా అమ్మని ఎవరు ఎత్తేవాళ్ళు?" రెండు రోజులు అదే మాట. అమ్మ మోకాళ్ళ మీద కూర్చుని మంచు గీకి, మెట్ల మీద కంకర చల్లింది.

అందుకే రలీత్సా ఏమీ కాలేదంది. నిజం చెబితే వెయ్‌క్కో ఏమంటాడో ఆమెకి ముందే వినిపించింది. నీ కూతురి కాలు నువ్వే విరగ్గొట్టావు, అంటాడు. తినేటప్పుడంటాడు, పడుకునేటప్పుడంటాడు, అమ్మ బతికున్నంత కాలం అంటాడు. కాబట్టి గట్టిగా పట్టీ చుట్టి గెంతింది. బడి నర్సు ఒక్కతికి చూపించింది. ఆమె వేలితో ఒక చోట నొక్కింది. రలీత్సా కళ్ళలోంచి నీళ్ళు కారాయి. "ఎముక చిట్లినట్టుంది. ఎక్స్‌రే తీయించు. గెంతావంటే రెండుగా విడిపోతుంది. ఇంట్లో చెప్తావా?" అడిగింది నర్సు. చెప్తానంది. అది పది రోజుల కిందటి మాట. రిబ్బన్ ఆటలో ఆఖరి గెంతు ఎడమ పాదం మీదే దిగాలి. ఆ చప్పుడు ఎలా ఉంటుందో పడుకున్నప్పుడల్లా వింటోంది.

బయట వెయ్‌క్కో కారు స్టార్ట్ చేశాడు. స్టేషన్ దాకా దింపుతానన్నాడు. రలీత్సా రిబ్బన్ చుట్టి సంచిలో పెట్టుకుంది. తలుపు తీసింది. మార్చి నెలైనా మంచు కరగలేదు. ఎడమ బూటు మెట్టు మీద పెట్టబోయి ఆగిపోయింది.

అమ్మ మగ్గుతో వచ్చింది. కంకర మీద కాస్త పోస్తే ఏమీ కాదన్నట్టు చూసింది. "వాడు అటు తిరిగి ఉన్నాడులే. దాటేయ్ తల్లీ."

"పోయకమ్మా."

"ఏమైంది?"

"పాదం ఎముక చిట్లింది. జనవరిలోనే. ఆ మెట్టు మీదే."

అమ్మ అదిరిపడలేదు. ఏ కాలు అనైనా అడగలేదు. మగ్గులోకి చూస్తూ నిలబడింది.

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"నీ ఆట బూట్లు ఉతికేది నేనేగా. కుడి దాని అడుగు చిరిగిపోయింది. ఎడమది కొత్తదానిలా ఉంది."

కారు హారన్ మోగింది. రలీత్సాకి ఇన్నాళ్ళూ వెయ్‌క్కో అంటే భయం, తూకమంటే భయం, చప్పుడంటే భయం. అమ్మంటే భయం వేయడం ఇదే మొదటిసారి.

"మరి చెప్పలేదేం? నన్ను ఆపలేదేం?"

"ఈ ఒక్క రోజూ అయిపోతే..." అమ్మ గొంతు తగ్గింది. "నువ్వు ఆగిపోతే నేనిక్కడ ఎందుకున్నట్టు రలీ?"

పై గదిలోంచి ముసలామె మళ్ళీ పిలిచింది. అమ్మ తల అటు తిరిగింది. అలవాటుగా తిరిగింది, తిరిగినట్టు తనకే తెలియలేదు. ఆ తిరగడం రలీత్సా చూసింది. అమ్మ చేతివేళ్ళు సబ్బుతో పగిలి ఉన్నాయి. అమ్మ అడిగిన ప్రశ్నకి జవాబు తన పాదంలో లేదు. ఎన్ని గెంతులు గెంతినా ఉండదు.

"నాకు తెలీదమ్మా" అంది. "నా కోసం మాత్రం ఉండకు."

మళ్ళీ హారన్. "రైలు మీ కోసం ఆగదమ్మా మహారాణులూ!" వెయ్‌క్కో అద్దం దించి అరిచాడు.

రలీత్సా చేయి చాపి అమ్మ దగ్గర మగ్గు తీసుకుంది. రెండు చేతులతో పట్టుకుంది. కొన్ని నీళ్ళు కోటు మీద ఒలికాయి. మిగతావి తాగింది. ఆపకుండా, అడుగు దాకా తాగింది. చల్లదనానికి పళ్ళు జివ్వుమన్నాయి. అమ్మ నోరు తెరుచుకుని చూస్తోంది. తూకం అనబోయి మానేసింది.

"అతనితో చెప్పు. స్టేషన్‌కి కాదు, ఆస్పత్రికి." ఖాళీ మగ్గు అమ్మ చేతిలో పెట్టింది. "ముందు ఇంకో మగ్గు తే."