ఊదు వచ్చాక కూర్చోరు

హెస్సా ఇంకా అసలు మాట ఎత్తనే లేదు. తమ్ముడి మోకాళ్ళ నొప్పులు అయ్యాయి, మేనల్లుడి పెళ్ళి కబుర్లు అయ్యాయి, ముహర్రక్ సందుల్లో కారు పెట్టుకోవడానికి చోటు దొరకదన్న ఏడుపు కూడా అయింది. ఖర్జూరం ఒకటి తిని కాఫీ గుక్కెడు తాగింది. రెండో కప్పు పోయించుకుని అప్పుడు అడుగుదామనుకుంది. అడగాల్సింది చిన్న విషయమే. నాన్న కట్టిన ఈ ఇంట్లో వెనకవైపు గది ఒకటి ఖాళీగా ఉంది. తన వాటా తమ్ముడి పెళ్ళినాడే సంతోషంగా వదిలేసుకుంది కనుక హక్కు లేదు. ఉండనిస్తారా అని అడగడమే మిగిలింది.

అంతలో వంటింటి వైపు నుంచి బొగ్గు రాజుకుంటున్న వాసన వచ్చింది.

ఆమె కప్పు పెదాల దగ్గరే ఆపేసింది. ఇక్కడి అరబ్బుల ఇళ్ళలో గడప తొక్కినవాళ్ళకి ముందు ఖర్జూరం, తర్వాత కాఫీ, అన్నిటికన్నా ఆఖర్న ఊదు. ధూపపాత్ర తెచ్చి బట్టలకి పొగ పట్టించాక ఇక ఎవరూ కూర్చోరు. పొమ్మనలేక పొగబెట్టారని మన తెలుగువాళ్ళు ఎత్తిపొడుపుగా అంటారు. ఇక్కడ అది నిఖార్సైన మర్యాద. పొగబెట్టినవాళ్ళని పల్లెత్తు మాట అనడానికి లేదు, పైగా దీవించి మరీ లేవాలి.

కప్పు సగం కూడా ఖాళీ కాలేదు, అప్పుడే బొగ్గా! మరదలు బద్రియా తెలివి హెస్సాకి తెలియనిది కాదు. ఆ పిల్ల కాపురానికి వచ్చిన కొత్తల్లో, నిప్పు మీద బూడిద కట్టేదాకా ఆగి అప్పుడే అగరు చెక్క వెయ్యాలని నేర్పింది తనే. బూడిద కట్టడానికి కాస్త సమయం పడుతుంది. ఆ కాస్తలోనే అడిగెయ్యాలి.

"ఖలీఫా, నేనొచ్చిన పనేంటంటే..."

"చెప్పక్కా."

"ముబారక్ నాకు తలాక్ ఇచ్చిన సంగతి నీకు తెలుసు కదా. ఇల్లు వాడిది. మునీరా వాళ్ళింట్లో హాల్లో పడుకుంటున్నా. ఎంత చిన్ననాటి స్నేహితురాలైనా ఎన్నాళ్ళని?"

"వాడొట్టి దగుల్బాజీ అని నేను మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాగా! ఈసారి మసీదులో కనపడనీ..."

"వాణ్ణొదిలెయ్‌రా. నా సంగతి చూడు. ఆ వెనక గది..."

"ఆ గదా? దాన్నిండా సామాన్లే అక్కా. పాత ఏసీ, పిల్లల సైకిళ్ళు..."

"సామాన్ల పక్కనే పడుకుంటా. వంట చేస్తా. నువ్వు సరే అను చాలు, మిగతాదంతా నేను సర్దుకుంటా."

ఖలీఫా నోరు తెరిచాడు. హెస్సా ఆ నోటి వంకే చూసింది. తల్లి పోయాక ఆ నోటికి అన్నం పెట్టింది తనే, పండగ పూట వాడి చొక్కాకి ఊదు పట్టించి మసీదుకి పంపింది తనే. తమ్ముడు మంచివాడే. కాకపోతే ఎవరైనా అదిలిస్తే వాడి మంచితనం మంచం కింద దూరుతుంది.

మాట బయటికి రాకముందే పొగ గదిలోకి వచ్చింది. వెనకాలే బద్రియా.

"పొద్దు వాలిపోతోంది వదినా. చీకటి పడితే మీకు కష్టం కదా అని..." అంది నవ్వుతూ.

అది పెళ్ళి ఊదు. అస్సాం అడవుల సరుకు, హిందీ ఊదు అంటారు. ముందు చేదుగా ముక్కులో గుచ్చుకుంటుంది, గొడ్లచావిడి ఘాటు, కాలిన తోలు వాసన, ఎక్కడో అడుగున ఇంత తీపి. చెట్టుకి తెగులు పట్టి లోపల కుళ్ళితేనే పుట్టే వాసన అది. నిక్షేపంగా ఉన్న చెట్టు పొయ్యిలోకి తప్ప ఎందుకూ పనికిరాదు. ఒకసారి బట్టకి పట్టిందంటే ఉతికినా వదలదు. కొడుకు పెళ్ళికి తప్ప బయటికి తియ్యని చెక్కని ఇవాళ ఆడబిడ్డ కోసం తీశారు.

ఇంకా ఒక దారి ఉంది. 'అప్పుడే ఏంటే, లోపలికి తీసుకుపో, అక్క కూర్చుంటుంది' అని ఇంటాయన ఒక్క మాట అంటే ఆ పొగ వచ్చిన దారినే పోతుంది. హెస్సా కప్పు చేతిలోంచి దించకుండా ఆ మాట కోసం ఎదురుచూసింది.

ఖలీఫా భార్య వైపు చూశాడు. అక్క వైపు చూడలేదు. లేచి ధూపపాత్ర తనే అందుకున్నాడు.

"ముందు మా అక్కకి," అన్నాడు. "ఈ ఇంటికి పెద్ద తను."

వంగి, ఆమె పైన వేసుకున్న నల్లటి అబాయా అంచు కొద్దిగా ఎత్తి పొగ పట్టించాడు. అంత శ్రద్ధగా వాడు ఎవరికీ పట్టించి ఉండడు. హెస్సాకి ఒళ్ళు మండిపోయింది. ఆ పాత్ర లాక్కుని తివాచీ మీద బోర్లించాలనిపించింది. కానీ పాడు పెంపకం, ఆ పని చెయ్యనివ్వదు. తల వంచి ముసుగుకి కూడా పొగ పట్టించుకుని, "దేవుడు మీ ఇల్లు చల్లగా చూడాలి" అంది. కప్పు కింద పెట్టి లేచింది.

"మళ్ళీ రావాలి వదినా, రాకపోతే నేనూరుకోను," అంది బద్రియా గుమ్మం దాకా వచ్చి.

"కాఫీ పూర్తిగా తాగనిస్తానంటే వస్తాలే," అంది హెస్సా.

మునీరా తలుపు తీస్తూనే ముక్కు ఎగబీల్చింది. మొహం వెలిగిపోయింది.

"ఓసి నీ దుంపతెగ! హిందీ ఊదే! పెళ్ళికూతురికి పట్టించినట్టు పట్టించారు కదే! నేను చెప్పలా, ఎంతైనా తమ్ముడు, కాదనడని? గది ఇచ్చాడు కదూ? నువ్వు కూర్చో, నీ బట్టలు నేనే సర్దేస్తా."

అప్పుడే సోఫా వెనక నుంచి పెట్టె బయటికి లాగేసింది. మూత తీసి, దండెం మీది బట్టలు మడతైనా పెట్టకుండా అందులో కుక్కుతోంది. ఆ చేతుల తొందర హెస్సా చూసింది. పాపం, ఆవిడ మాత్రం ఎన్నాళ్ళని భరిస్తుంది?

"ఆ పెట్టె అలా ఉండనీవే," అంది. "ఇవ్వలేదు."

"మరి ఇంత ఖరీదైన ఊదు..."

"మామూలు పొగకి నేను లేవనని వాళ్ళకి తెలుసు."

మునీరా చెయ్యి పెట్టె మూత మీదే ఉండిపోయింది.