కరగని పూసలు

2019 ఆగస్టు ఆరో తేదీ, మంగళవారం, ఉదయం ఆరూ నలభై. వలస వచ్చిన నేతగాళ్ల మరమగ్గాల పేట బమ్రోలి మీద సన్నని వాన పడుతోంది, గాలి లేదు. కాలిలోని పూసలు తీయించుకోవడానికి ఆసుపత్రికి వెళ్లవలసిన సోమలింగం మంచం దిగలేదు.

చలికాలంలో అతని కాలి మీద మగ్గం బీము, పడుగు చుట్టే బరువైన దూలం, పడింది. బావమరిది నరహరి సచిన్ ఊరికి వెళ్లే రోడ్డు మీద బైకు నుంచి పడ్డాడు. ఇద్దరికీ మోకాలి కింది ఎముకలో చీము పట్టింది. అటువంటి ఎముకకు మింగే మందు చాలినంత అందదు. అందుకని డాక్టర్లు ఎముక గీకి, యాంటీబయాటిక్ నింపిన పూసలను అక్కడే పెట్టారు. రెండు రకాల పూసలను పోల్చే పరిశోధన అది. ఎవరికి ఏవన్నది మూసిన కవర్లు తేల్చాయి. సోమలింగానికి సిమెంటు పూసలు వచ్చాయి; ఆరు వారాలకు మళ్లీ కోసి తీయాలి. నరహరికి వచ్చిన పాలిమర్ పూసలు మందు వదులుతూ ఒంట్లోనే కరిగిపోతాయి.

నరహరిని సిరిసిల్ల నుంచి తెచ్చి, మగ్గం పని నేర్పినవాడు సోమలింగం. శిష్యుడికి ఒక కోత, గురువుకు రెండా? ఆ మాట అతణ్ణి లోలోపల కాల్చింది.

"బావా, ఆటో వచ్చింది, లే," అన్నాడు నరహరి గుమ్మంలో.

"నువ్వెందుకొచ్చినవ్? నీ నడక జూపియ్యనీకా?"

"కవరు నేను దీసిన్నా ఏంది? కావాల్నంటె కాళ్లు మార్సుకుందాం పా!"

"నావి గూడ కరుగుతున్నయి. పో."

ఆ ధీమాకు మూలం నరహరి మాటే. పాలిమర్ పడుగుకు పెట్టే గంజి లాంటిదని, పనయ్యాక నీటికి పోతుందని డాక్టరు అతనికి చెప్పాడు. గంజి వేడినీటికి త్వరగా వదులుతుందని ఏ నేతగాడికి తెలియదు? పది రోజులుగా సోమలింగం కాలికి మరిగిన నీటి గుడ్డలు చుడుతున్నాడు.

"సిమెంటు గిట్ల కరిగితె, ఇంటి గోడలు ఎప్పుడో కూలాలె గదయ్యా!" అంది భార్య భాగీరథి.

"నీ తమ్మునియే పూసలు, నాయి గులకరాళ్లా?"

ఆ రోజూ, ఆ తరువాతా అతను ఆసుపత్రికి వెళ్లలేదు. మందు అయిపోయిన సిమెంటు మీద క్రిములు చేరాయి. వేడి గుడ్డలకు కమిలిన చర్మం పగిలింది. సెప్టెంబరు మూడున ఒళ్లు కాలిపోతున్న అతణ్ణి వీపున వేసుకుని మూడంతస్తులు దించినవాడు నరహరే. మెట్టు మెట్టుకూ గట్టిగా ఆనుతున్న బావమరిది కాలినే సోమలింగం పళ్లు బిగించి చూస్తూ వచ్చాడు.

డాక్టర్లు పూసలతోపాటు రెండంగుళాల ఎముకనూ తీసేశారు. ఐదేళ్ల తరువాత, 2024లో, నరహరి పన్నెండు మగ్గాలు చూసుకుంటున్నాడు. అదే షెడ్డులో సోమలింగం కూర్చుని కండెలు చుడుతున్నాడు.