పప్పులో వెంట్రుక

గ్యాస్ రెగ్యులేటర్ దగ్గర ముక్కు పెట్టి నీలమ్మ మూడోసారి వాసన చూసింది. ఏమీ రావడం లేదు. ఏమీ రాకపోవడమే ఆమెకు నచ్చలేదు. సబ్బు నురగ పూసి, బుడగలు లేవడం లేదని చూసుకుని, అప్పుడు అగ్గిపుల్ల గీసింది.

ఇబ్రహీంపట్నంలోని ఆ సర్కారు బడి వంటగదిలో పదహారేళ్లుగా ఇదే వరస. కోడిగుడ్డు నీళ్లలో మునిగితేనే ఉడకడానికి పనికొస్తుంది, తేలిందంటే అవతలికే. బియ్యం సంచికి కుట్టు విప్పకుండా వచ్చినా సరే, చేటలో పోసి చెరగాల్సిందే. మనిషి పొట్టి, బక్కపలచన. ఎడమ మోచేతి కింద ఎప్పుడో గంజి ఒలికి కాలిన మచ్చ. నుదుటి నుంచి మెడ దాకా బిగించి కట్టిన మెరూన్ రంగు రుమాలు, దాని మీద తెల్ల చుక్కలు, చెవి వెనక పిన్నీసు. వేసవి సెలవులయ్యాక బడి తెరిచి నెలన్నర దాటింది. ఆ రుమాలు కింద ఏముందో ఎవరూ చూడలేదు. కట్టుకున్న మొగుడు కృష్ణయ్య కూడా చూడలేదంటే నమ్మండి.

ఆ మాటకొస్తే నీలమ్మే సరిగా చూసుకోలేదు. రొమ్ములో గడ్డ తీసేసి ఎనిమిది కీమోలు ఎక్కించారు. రెండోదానికే దిండు నిండా జుట్టు రాలింది. చివరిది జనవరిలో అయిపోయింది. ఉగాది నాటికి నెత్తి మీద ఏదో గరుకుగా చేతికి తగిలింది. సంతోషపడాల్సింది పోయి ఆమెకు అనుమానం పట్టుకుంది. చెప్పకుండా పోయింది, ఇప్పుడు చెప్పకుండా ఎందుకొస్తున్నట్టు? ఆ గడ్డ కూడా చెప్పాపెట్టకుండానే వచ్చింది కదా! ఇంట్లో అద్దాన్ని గోడవైపు తిప్పేసింది. తలకు నీళ్లు పోసుకోవడం, తడి మీదే రుమాలు బిగించడం, అంతే.

అసలు సంగతి వేరే ఉంది. ఆ రుమాలు ఆమెది కాదు, ప్రేమమ్మది.

హైదరాబాదు దవాఖానలో ఇద్దరూ పక్కపక్క కుర్చీల్లో కూర్చుని మందు ఎక్కించుకునేవాళ్లు. ప్రేమమ్మది మంచాల దగ్గర పల్లె. పత్తి ఏరి ఏరి చీరుకుపోయిన వేళ్లు, పెద్ద గొంతు. ఆదివారం చర్చిలో పాట ఆమె ఎత్తుకుంటేనే మిగతావాళ్లు అందుకోవాలి. నీలమ్మ కొంగు మాటిమాటికీ జారి గుండు బయటపడుతుంటే చూడలేక తన రుమాలు విప్పి ఇచ్చేసింది.

"కట్టుకో పిల్లా. నా గుండు మంచిగ గుండ్రంగుంటది, సూడనీ అందర్ని. నీదే జర గుంటలు గుంటలున్నది."

"వద్దక్కా, నీకు సలి పెట్టదా?"

"ఊకె ఇస్తలేనమ్మా! ఎంటికలు మొలిచిన్నాడు తెచ్చియ్యాలె. ఎంటికేసి కొండను గుంజుతున్నం మనం. వస్తె కొండ, పోతె ఎంటిక అంటరు గద. ఎంటికైతె పోనే పోయె. ఇగ కొండ రాక యాడికి పోతది?"

నర్సు వచ్చి కోప్పడేదాకా ఇద్దరూ నవ్వుతూనే ఉన్నారు.

ఏప్రిల్ చెకప్‌కు ప్రేమమ్మ రాలేదు. అప్పటి నుంచి నీలమ్మ రోజూ పొద్దున ఆమె నంబరుకు మిస్డ్ కాల్ ఇస్తుంది. రెండుసార్లు మోగగానే పెట్టేస్తుంది. అవతలి నుంచి తిరిగి ఫోన్ రాదు. ఫోన్‌లో బ్యాలెన్స్ లేదేమో. ఫోను ఎక్కడో పెట్టి మరిచిందేమో. హయత్‌నగర్‌లో కూతురింట్లో ఉందేమో. కోడిగుడ్డునే నమ్మని మనిషి, ఈ ఒక్క సంగతిలో మాత్రం ఏ సాకు దొరికితే ఆ సాకును నమ్మింది. మూడోసారి మోగనిస్తే ఎవరో ఒకరు ఎత్తుతారు, ఎత్తితే ఏదో ఒకటి చెప్తారు. జుట్టొచ్చిందని ఒప్పుకుంటే రుమాలు పట్టుకుని మంచాల బస్సెక్కాలి, ఎక్కితే తెలిసిపోతుంది. అందుకని జుట్టు రాలేదు. రాలేదంటే రాలేదు!

పిల్లలకు పెట్టేముందు ఒక టీచరు రుచి చూడాలని బడిలో నియమం. ఆ రోజు వంతు కరుణ టీచర్‌ది. వంటగది గడపలో నిలబడి రెండో ముద్ద నోట్లో పెట్టుకున్నదల్లా ఆగిపోయింది. పళ్ల మధ్య నుంచి రెండు వేళ్లతో ఏదో లాగింది.

టమాట పప్పులో వెంట్రుక.

పప్పులో కాలేసినవాళ్లను నీలమ్మ చాలామందినే చూసింది. పదహారేళ్లలో వెంట్రుక పడటం మాత్రం ఇదే మొదలు. సర్రున యమునవైపు తిరిగింది. యమున ఆమెతో కలిసి వండే చిన్నామె. నడుము దాకా జడ.

"ఎన్నిసార్లు చెప్పిన్నే, జడ ముడేసుకొమ్మని? పప్పు గంజు మీదికి వంగుతవ్, గంటెకంటె ముందు నీ జడనే ఉంటది."

"నాది కాదక్కా."

"నీది గాకపోతె ఆకాశం నుంచి పడ్డదా?"

యమున కరుణ టీచర్ చేతిలోంచి వెంట్రుక తీసుకుని వెలుతురుకు పట్టింది. వేలెడంత ఉంది. నల్లగా, సన్నగా, ఉంగరంలా చుట్ట తిరిగి ఉంది.

"నాది మూరెడు పొడుగు, సక్కటి ఎంటిక. గిది సూడు, రింగులున్నది." యమున చూపు మెల్లగా రుమాలు మీదికి పోయింది. కరుణ టీచర్ చూపూ అటే పోయింది.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నీలమ్మ చెయ్యి దానంతటదే తల మీదికి వెళ్లింది. వెళ్లినందుకు ఆమెకు ఇంకా కోపమొచ్చింది.

"నా దిక్కు సూస్తరేంది? నాకసలు ఎంటికలే లేవు. ఉన్నప్పుడు సుత ఈనె పుల్లల లెక్క సక్కగ ఉండె. మా అవ్వది గట్లనే, మా అక్కలది గట్లనే. నమ్మరా? సూస్తరా? సూడుండ్రి!"

పిన్నీసు ఊడబెరికి రుమాలు ఒక్క గుంజు గుంజింది.

యమున రెండడుగులు ముందుకు వచ్చి, ముట్టుకోబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది. కళ్ల నిండా నీళ్లు.

"అక్కా, మస్తుగున్నయక్కా."

కరుణ టీచర్ తన ఫోన్‌లో కెమెరా తిప్పి నీలమ్మ ముఖానికి ఎదురుగా పట్టింది. తల నిండా నల్లటి రింగులు. ఒకదాని మీద ఒకటి పడి, చెవుల మీదికి వాలి, నుదుటి దగ్గర ఒకటి చెమటకు అతుక్కుని ఉంది. నీలమ్మ చాలాసేపు అనుమానంగానే చూసింది. ఒక రింగును పట్టి లాగింది. నొప్పి పుట్టింది. వదలగానే అది మళ్లీ చుట్ట తిరిగి కూర్చుంది.

"గిది నాదేనా టీచర్?"

"నీదే నీలమ్మా. కీమో తర్వాత కొందరికి గిట్లనే వస్తదంట."

పప్పు గంజు అడుగుదాకా కలియబెట్టి చూశారు, ఇంకేమీ లేదు. రేపటి నుంచి ఇద్దరూ టోపీలు పెట్టుకోవాలని హెడ్మాస్టర్ రాంచంద్ర సారు చెప్పి వెళ్లిపోయాడు. పిల్లలు తిని లేచారు. గంజులు తోమడం అయ్యేసరికి రెండున్నర. నీలమ్మ వంటగది వెనక మెట్టు మీద కూర్చుని, తడి చేతులు చీరకు తుడుచుకుని నంబరు నొక్కింది.

ఒకటి. రెండు. బొటనవేలు ఎర్ర గుర్తు మీదికి పోయింది. అక్కడే ఆపింది. మూడు. నాలుగు.

"రుమాలు చిన్నమ్మా?"

ఆడపిల్ల గొంతు. ప్రేమమ్మ కూతురు రూత్.

"గట్లెందుకంటున్నవ్ బిడ్డా?"

"అమ్మ ఫోన్‌ల నీ పేరు గదే ఉన్నది, రుమాలు అని. అమ్మ పోయి మూడు నెల్లు దాటింది చిన్నమ్మా. మార్చిలనే మల్ల తిరగబెట్టింది. నువ్వు రోజు మిస్డ్ కాల్ ఇస్తవ్, నేను రోజు సూస్త. ఏమని చెప్పాల్నో తెల్వక చెయ్యలే."

నీలమ్మకు ఏడుపు రాలేదు. ఎప్పటి నుంచో అనుమానిస్తున్నదే, కొత్తగా తెలిసిందేమీ లేదు.

"అమ్మకు ఎంటికలు వచ్చినయా బిడ్డా?"

"రాలే. నీకొచ్చినయా అని అడుగుతుండె. ఆఖరి దినాలల్ల సుత అడిగింది."

"వచ్చినయ్," అంది నీలమ్మ. "మస్తుగొచ్చినయ్ తల్లీ. రింగులు రింగులు." అప్పుడు వచ్చింది ఏడుపు.

రేపు ఆదివారం, మంచాల బస్సుకు వస్తానని, రుమాలు తెచ్చిస్తానని చెప్పింది. సమాధి ఎక్కడో అడిగి తెలుసుకుంది. తర్వాత కుళాయి కింద రుమాలును సబ్బు పెట్టి రెండుసార్లు ఉతికింది. మూడోసారి జాడించి, వాసన చూసి, వంటగది వెనక తీగ మీద ఆరేసింది. గాలికి పోతుందేమోనని అనుమానమొచ్చి పిన్నీసు పెట్టింది. సాయంత్రానికి ఆరకపోయినా పొద్దున వచ్చి తీసుకోవచ్చు, తాళంచెవి తన దగ్గరే ఉంది. బడి గేటు దాటి, ఇంటివైపు, మధ్యాహ్నపు ఎండలో ఉత్త తలతో నడిచి వెళ్లిపోయింది.

తీగ మీద మెరూన్ రుమాలు నీళ్లు కారుస్తూ ఉంది, తెల్ల చుక్కల నడుమ పిన్నీసుతో.