దిష్టిచుక్క

నాకు బల్లులంటే భయం లేదు. మా ప్రిన్సిపాలంటే భయం లేదు. సాయంత్రం పూట ఉప్పల్ చౌరస్తాలో స్కూటీ నడపడానికి కూడా భయం లేదు. అలాంటిది ఆ గురువారం పొద్దున డాబా మీద ఒక ఆకు అంచు చూసేసరికి నీళ్ల డ్రమ్ము పట్టుకుని నిలబడ్డాను. ఆకు అంచు గోధుమరంగుకు తిరిగింది. ముట్టుకుంటే మెత్తగా, ఉడికించినట్టు ఉంది.

ఆకు చూసి ఇంత భయమా అని నవ్వకండి. నవ్వేవాళ్లు మా స్టాఫ్‌రూమ్‌లో ఇప్పటికే సరిపడా ఉన్నారు.

మేముండేది నాచారంలో. ఉప్పల్‌లో ఒక ఇంటర్ కాలేజీలో బాటనీ చెబుతాను. డాబా మీద పచ్చ నెట్ కట్టి దాని కింద బిగోనియాలు పెంచుతాను. వాటిలో ఒకటి వెండిరంగు ఆకుల అందగత్తె. ఏప్రిల్ వస్తే చాలు, మన ఎండకు తల వాల్చేస్తుంది. ఇంకొకటి పొడుగు కాడల మొరటుది. ఎండను లెక్కచేయదు కానీ రెండోసారి చూడాలనిపించదు. ఈ మొరటుదాని మగపూవు మీది పుప్పొడిని పెయింట్ బ్రష్‌తో తీసి, అందగత్తె ఆడపూవుకు అద్దుతూ కొన్నేళ్లుగా తంటాలు పడుతున్నాను. అందమైన ఆకూ ఉండాలి, నాచారం ఎండనూ తట్టుకోవాలి. అదీ నా ఆశ. బిగోనియా విత్తనం నస్యం అంత సన్నం, పక్కన తుమ్మితే చాలు, ఏడాది కష్టం ఎగిరిపోతుంది. ఆ విత్తనాలను స్వీటు డబ్బాల్లో మొలకెత్తించి, పెంచి, నచ్చనివన్నీ పీకేస్తూ వచ్చాను.

పీకగా పీకగా ఒక్కటి మిగిలింది. గులాబీ కలిసిన వెండిరంగు ఆకు. కాడ వచ్చి ఆకును కలిసే చోట గుండ్రంగా ఒక నల్లచుక్క. మే నెల మొత్తం ఆ డాబా మీదే నిలబడింది.

చుక్కను మొదట గుర్తించింది నేను కాదు, ఆరిన బట్టలు తీయడానికి పైకి వచ్చిన మా అత్తమ్మ.

"ఓ పిల్లా, గిది సూడు! దీనికి దేవుడే దిష్టిచుక్క వెట్టి పంపిండు" అంది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో దాని పేరు దిష్టిచుక్క అయిపోయింది.

అత్తమ్మ లక్ష్మీనర్సమ్మ మా నాన్నకు తోడబుట్టిన అక్క. నాకు అన్నం తినిపించి పెంచిన మేనత్త. ఆవిడ కొడుకు తిరుపతి బావనే నేను చేసుకున్నాను. కాబట్టి మా మధ్య మర్యాదలు తక్కువ, పోట్లాటలు ఎక్కువ. ఆవిడకు దేన్ని చూసినా దిష్టి గుర్తొస్తుంది. ఆవిడ దిష్టి మాట ఎత్తితే నాకు నవ్వొస్తుంది. ఇదీ మా కాపురం.

ఒక్క మొక్క ఉన్నంత మాత్రాన కొత్త రకం పుట్టినట్టు కాదు. బిగోనియా ఆకును ఈనెతో సహా ముక్కలు కోసి నాటితే ముక్కముక్కకూ పిల్లలు వస్తాయి. ఆ పిల్లలకూ అదే రంగు, అదే చుక్క రావాలి. అప్పుడే రకం నిలిచినట్టు. ఎండాకాలంలో ఆకులు కోసి నాటితే ఉక్కకు అన్నీ కుళ్లిపోయాయి. వానలు పడి చల్లబడే దాకా ఆగాను. ఆదివారం దయాకర్ వస్తానన్నాడు. ఉప్పల్ దాటాక హైవే పక్కన అతనికి నర్సరీ ఉంది. ఆకులు ఇద్దరం పంచుకుని నాటుదామని, రకం నిలిస్తే నేను పెట్టిన పేరుతోనే ఊళ్లోకి పంపిస్తానని మాటిచ్చాడు.

సరిగ్గా ఆ వారమే ఆకు అంచు మాడింది. ఫొటో తీసి దయాకర్‌కు పంపాను. వెంటనే ఫోన్ చేశాడు.

"అక్కా, నేను సెప్పేది జర నిమ్మళంగ ఇను. గిది బ్లైట్ రోగం లెక్కనే కొడ్తున్నది. కత్తి గిట్ల పెట్టినవా దానికి?"

"లేదు."

"పెట్టకు. ఆకు కోస్తే కత్తితోటి అంటుకుంటది, చేతితోటి అంటుకుంటది, నీళ్లు చిందితే అంటుకుంటది. పక్క కుండీలు దీనికి తాకుతున్నయా?"

"తాకుతున్నయి. దాని తల్లి, తండ్రి అవ్వే."

"అయితే అవ్వి గూడ పోవాలె అక్కా. పోయిన వానకాలం ఒక్కదాన్ల కనబడితే సూద్దాంలే అని నేను ఆగిన. షెడ్డు షెడ్డే తగలవెట్టుకున్న. నువ్వు ఆగకు."

"ఆదివారం వస్తవు గదా? ఒక్కసారి నీ కండ్లతోటి సూడు."

"రాను. ఏమనుకోకు, కొన్నాళ్లు నువ్వు గూడ నా నర్సరీ దిక్కు రాకు" అన్నాడు. మంచివాడే. అతని గొంతులోనూ భయం వినబడింది.

లెన్స్ తీసుకుని ఆకు మీదికి వంగాను. బ్లైట్ అయితే మచ్చ చుట్టూ పసుపు అంచు ఉండాలి. క్లాసులో పిల్లలకు బొమ్మ గీసి మరీ చెబుతాను. ఉందా? ఒకసారి ఉన్నట్టుంది, ఒకసారి లేనట్టుంది. మళ్లీ మళ్లీ చూశాను. భయం పట్టిన కళ్లకు చివరికి పసుపు అంచే కనబడింది. కుండీలో మట్టి మీద తెల్లటి పొర కూడా పేరుకుంది. బూజు కూడా పట్టిందనుకున్నాను.

మిగతా మొక్కలకు డ్రమ్ములో నీళ్లు పోసినా, దిష్టిచుక్కకు మాత్రం వాననీళ్లే పోస్తాను. సాయంత్రం ఒక స్టీలు చెంబు నింపి కుండీ పక్కన పెడతాను. రాత్రంతా తేరుకున్నాక పొద్దున పోస్తాను. ఆ చెంబు నీళ్లు తప్ప వేరే నీళ్లు పోశారో ఊరుకోనని ఇంట్లో అందరినీ బెదిరించి పెట్టాను. మొక్క వాడిపోతోంది కదా అని, రోజూ సగం చెంబు పోసేదాన్ని ఆ రోజు చెంబు మొత్తం పోశాను.

శుక్రవారానికి ఇంకో రెండు ఆకులు జారిపోయాయి. మళ్లీ చెంబెడు పోశాను. కాలేజీలో పిల్లలు ఏదో అడుగుతుంటే వాళ్ల మొహాలు కాదు, ఆ జారిన ఆకులే కనబడ్డాయి. ఇంటికి రాగానే మెట్లెక్కడానికి భయం. ఎక్కకుండా కింద కూర్చోవడానికీ భయం. తల్లిమొక్క బాగుంది, తండ్రి బాగుంది. అయితే రోగం ఎప్పుడూ ఒకదాంతోనే మొదలవుతుంది. వాటి పచ్చని ఆకులను చూస్తే కూడా, లోపల ఏం నడుస్తోందో అని చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అత్తమ్మ అన్నం వడ్డిస్తూ ఏదో చెప్పబోయింది. "ఇప్పుడు నీ దిష్టి ముచ్చట్లు వద్దత్తమ్మా" అని కసిరాను. గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

శనివారం తిరుపతి బావ కంపెనీ నుంచి పాత ఆయిల్ డబ్బా తెచ్చి డాబా మధ్యలో పెట్టాడు. కొబ్బరి పీచు, అట్టముక్కలు వేసి అంటించాడు.

"నువ్వు కిందికి పో, నేను ఏస్త" అన్నాడు.

"నేను పెంచిన, నేనే ఏస్త" అన్నాను.

ముందు మొరటుదాన్ని వేశాను. కాడల్లో నీళ్లు కుతకుతమని ఉడికాయి. తర్వాత అందగత్తెను వేశాను. నిగనిగలాడే వెండి ఆకులు ఒక్కసారిగా నల్లబడి ముడుచుకుపోయాయి. ఇంక మళ్లీ పుప్పొడి అద్దుదామన్నా తల్లీ లేదు, తండ్రీ లేదు. దిష్టిచుక్క కుండీని రెండు చేతులతో ఎత్తాను. పైన సగం విప్పుకున్న లేత ఆకు ఒక్కటే గట్టిగా ఉంది. దాని కాడ దగ్గర చుక్క ఇంకా పూర్తిగా నలుపెక్కలేదు.

"ఆగు పిల్లా!"

అత్తమ్మ మెట్లెక్కి వచ్చింది. మోకాళ్ల నొప్పికి రొప్పుతోంది. గుప్పిట్లో ఉప్పు, ఎండుమిర్చి ఉన్నాయి.

"ఒక్కసారి దిష్టి తీసి నిప్పుల ఏస్త. పొయ్యేదైనా పాడు కన్నుతోటి పోవద్దు" అంటూ కుండీ చుట్టూ గుప్పిట తిప్పడం మొదలుపెట్టింది. తిప్పుతూనే గొణుక్కుంది. "ఎంత జేసినా పోలే. రోజు నేను ఉప్పు ఏస్తనే ఉన్న, నువ్వు రోజు పారవోస్తనే ఉన్నవు, అయినా పోకపాయె."

"ఉప్పెక్కడ ఏసినవు?"

"ఇగో, గీ చెంబులనే. గా పక్కింటి రాజ్యం వొచ్చి ఆకులన్ని పట్టి పట్టి సూసి పాయె గదా, గా దినం కెల్లి. కుండీ పక్కన నీళ్లు ఉండనే ఉన్నయి, దీపం పెట్టే యాళ్లకు ఇంత గల్లుప్పు ఏస్తే రాత్రికి దిష్టంత గుంజుకుంటది. పొద్దుగాల ఒచ్చి పారవోద్దామంటే నా మోకాళ్లు సహకరియ్యవు. సాయంత్రం ఒచ్చి సూస్తే చెంబుల కొత్త నీళ్లుంటున్నయి. నవ్వుతది గని, నా మాట తీసెయ్యక నా కోడలే పారవోస్తున్నదని మస్తు సంబురపడ్డ."

కుండీని కింద పెట్టాను. చెంబును అందుకుని వంచాను. అడుగున మిగిలిన నీటిబొట్టు అరచేతిలో పడింది. నాలుకతో అద్దుకున్నాను.

ఉప్పు.

బ్లైట్ కాదు, బూజు కాదు, పసుపు అంచూ లేదు. చేజేతులా నేనే రోజూ పొద్దున ఉప్పునీళ్లు పోశాను. వాడిపోతోందని ఇంకా ఎక్కువ పోశాను. నా వెనక డబ్బాలో తల్లీ తండ్రీ ఏ రోగమూ లేకుండా కాలిపోతున్నాయి.

"నేను పారవొయ్యలే అత్తమ్మా. మొక్కకే పోసిన" అన్నాను. అక్కడితో ఆగితే బాగుండేది. ఆగలేదు. "నీ ఉప్పుతోటి మూడింటినీ మట్టిల కలిపినవు!"

అత్తమ్మ గుప్పిట విప్పుకుంది. మిరపకాయలు నేల మీద పడ్డాయి. గోడ పట్టుకుని మెట్లు దిగిపోయింది.

"ఇప్పుడు ఏం జేద్దామో అది సూడు" అన్నాడు బావ. అప్పుడు తెలివి వచ్చింది. రోగం కాకపోతే కత్తి పెట్టొచ్చు. కుండీలో డ్రమ్ము నీళ్లు దిమ్మరించి ఉప్పు కడిగాను కానీ, వేళ్లు అప్పటికే మెత్తబడ్డాయి. మిగిలింది ఆ లేత ఆకు. కొత్త బ్లేడుతో ఒక్కో ముక్కకు ఒక్కో ఈనె వచ్చేలా కోశాను. ముక్కలను స్వీటు డబ్బాలో తడి కొబ్బరిపొట్టులో గుచ్చి మూత పెట్టి, డాబా మీద నీడలో గోడ వారగా ఉంచాను. ఆ వారంలోనే దిష్టిచుక్క కాడ కుండీలో కూలిపోయింది.

ఆ తర్వాత నా భయమంతా ఆ డబ్బాలోకి వెళ్లింది. మూత తీస్తే గాలికి ఎండుతాయేమో, తీయకపోతే చెమ్మకు కుళ్లుతాయేమో. ఒక ముక్క నల్లబడింది. తీసేశాను. ఇంకొకటి జిగటగా అయింది. మిగతావీ ఒకదాని వెనక ఒకటి పోయాయి. ఒక్కటి మాత్రం కదలక మెదలక, బతికుందో లేదో తెలియకుండా పడి ఉంది.

అత్తమ్మ డాబా ఎక్కడం మానేసింది. బట్టలు నేనే తెస్తున్నాను. "మోకాళ్లు" అంటుంది. మోకాళ్లు కాదని నాకు తెలుసు. ఒకసారి బావతో "నా కన్నే మంచిది గాదు, ఇంక ఎవ్వల ఇంటికీ పోను" అనడం వంటింట్లోంచి విన్నాను. వెళ్లి పక్కన కూర్చుని తప్పు నాదే అన్నాను. తల ఊపింది కానీ నా మొహంలోకి చూడలేదు.

వానలు వెనకబట్టే రోజుల్లో ఆ ముక్క మొదట్లో గోరంత ఆకు లేచింది. పరుగెత్తుకెళ్లి లెన్స్ తెచ్చాను. ఒట్టి ఆకుపచ్చ. వెండి లేదు, గులాబీ లేదు, చుక్క లేదు. అంటే పిల్లకు దిష్టిచుక్క పోలిక రాలేదా? ఇన్నేళ్ల కష్టం ఆ గోరంత పచ్చరంగుతో ముగిసిపోయినట్టే అనిపించింది. భోజనాల దగ్గర బావతో చుక్క లేదని చెప్పాను.

"పుట్టంగనే ఎవ్వలికి ఉంటది చుక్క?" అంది అత్తమ్మ, పప్పు గిన్నెలోకి చూస్తూనే. "తల్లి పెడ్తెనే ఉంటది."

మాట విన్నాను, పట్టించుకోలేదు.

కొన్నాళ్లకు కాలేజీ నుంచి వచ్చి డాబా ఎక్కితే తలుపు గడియ తీసి ఉంది. పొద్దున నేనే వేసి వెళ్లాను. డబ్బా మూత కూడా కొంచెం పక్కకు జరిగింది. తెరిచాను. రెండో ఆకు వచ్చింది, మొదటిదాని పక్కనే. వెండిరంగు. గులాబీ ఛాయ. కాడ కలిసే చోట నల్లటి చుక్క.

సంతోషం రాలేదు. తల్లి పెడ్తెనే ఉంటది అన్న మాట గుర్తొచ్చింది. దేవుడి గూట్లో ఉండే అత్తమ్మ కాటుక భరిణె గుర్తొచ్చింది. పైకి వచ్చింది ఎవరో తెలిసిపోయింది. నా బాధ చూడలేక ఆవిడ అంత పనీ చేస్తుంది. కాటుక ఆముదంతో చేసింది, ఆ లేత ఆకు ఆ జిడ్డుకు బతకదు.

వేలు తడి చేసుకున్నాను. చుక్క మీద మెల్లగా రాశాను. పోలేదు. వేలు చూసుకున్నాను, నల్లగా లేదు. మళ్లీ తడి చేసుకుని మళ్లీ రాశాను.

చుక్క చెక్కుచెదరలేదు.

"అత్తమ్మా!" డాబా మీంచి అరిచాను. "పైకి రా!"

చాలాసేపటికి వచ్చింది. తలుపు దగ్గరే ఆగి కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది. "పొద్దుగాల ఒక్కసారి తొంగి సూసిన, అంతే. ముట్టుకోలే. పాణం ఆగక వొచ్చిన. ఇంక సూడ బిడ్డా."

కొంగు తీసేసి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి డబ్బా ముందు కూర్చోబెట్టాను. చాలాసేపు చూసింది.

"తుడిసి సూసినవా?" అంది.

"సూసిన."

"నా కాటుక అనుకున్నవు."

"అవ్."

నవ్వింది. ఎన్నాళ్లకో నవ్వింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. కానీ భయం పోయిందని అబద్ధం చెప్పను. ఒక్క పిల్ల, రెండు ఆకులు, ముందు చలికాలం ఉంది. మూత జాగ్రత్తగా సర్దుతున్నాను. అత్తమ్మ గోడ పట్టుకుని లేచింది. దిగిపోతూ, కుండీల పక్కన బోర్లించి ఉన్న స్టీలు చెంబును చంకన పెట్టుకుని కిందికి తీసుకుపోయింది.