ఆకు దూసిన చెట్టు

తూంకుంటలో ఆపిల్ చెట్టేమిటని నవ్వనివాడు పాపాత్ముడు. బాలనర్సయ్య ఆ మొక్కను తెచ్చి ఇంటి వెనక నాటిననాడు వాడకట్టంతా పగలబడి నవ్వింది. "నర్సన్నా, జల్దీ మంచు గూడ తెప్పియ్యి" అన్నారు. తీరా కాయలు పడ్డాక అదే వాడకట్టు గోడ మీంచి మెడలు చాచి చూసింది. పెద్ద కాయలేం కావు, నిమ్మకాయకు అన్నలంత. అయినా ఆపిల్ ఆపిలే కదా.

దాని కిటుకు ఆయనకు తెలుసు. చలికి ఆకు రాల్చి, కొన్నాళ్లు పడుకుని లేస్తేనే ఆపిల్ చెట్టు పూస్తుంది. మన చలి దానికి ఏ మూలకూ చాలదు. అందుకని చలికాలంలో నీళ్లు బంద్ పెట్టి, పచ్చటి ఆకులన్నీ చేత్తో దూసి పారేయాలి. చెట్టు మోసపోయి పూత పెడుతుంది. ఒకప్పుడు శామీర్‌పేట ద్రాక్షతోటల్లో కత్తెర పట్టిన చెయ్యి ఆయనది. తోటలు ప్లాట్లయిపోయాయి గానీ ఆయన నమ్మకం అలాగే ఉంది. కోత పడితేనే కాపు.

ఆ నమ్మకం తోటల దగ్గరే ఆగి ఉంటే ఎంత బాగుండేది! కూతురు వినోద తొమ్మిదో తరగతిలో ఖోఖో రాష్ట్ర జట్టుకు ఎంపికైతే ఆయన పంపలేదు. "మొక్కై వంగనిది మానై వంగునా" అంటూ, ఆమె ఆట బూట్లు ఎవరి పిల్లకో ఇచ్చేసి, తన పిల్లను హాస్టల్ చదువులో పడేశాడు. వినోద ఏడ్చింది. తర్వాత ఏడవడం మానేసింది. తర్వాత ర్యాంకు తెచ్చింది. ఇప్పుడు కరెంటాఫీసులో ఉద్యోగం, మచ్చ బొల్లారంలో సొంతిల్లు. "పిల్లను పెంచితే నర్సయ్య లెక్క పెంచాలె" అని నలుగురూ అంటుంటే ఆయన చాలా ఏళ్లు మీసం దువ్వాడు. అడిగినదానికి తప్ప ఆమె నోరు విప్పదనీ, పకపకా నవ్వి ఎన్నేళ్లో అయిందనీ ఆ నలుగురికీ కనబడలేదు. ఆయనకు కనబడింది, ఆలస్యంగా.

ఆ ఆదివారం ఆయన చెట్టుకు ఆకు దూస్తుంటే వినోద వచ్చింది. వెంట కూతురు అశ్రిత, అదీ ఇప్పుడు తొమ్మిదో తరగతే. పిల్ల వస్తూనే వెనక గోడ దాకా ఉరికి, గోడ ముట్టి, గిరుక్కున తిరిగొచ్చింది. ఆ తిరగడం బాలనర్సయ్య ఎరిగినదే, ఒకప్పటి వినోదది.

"నాయినా, నువ్వన్న జెర దీనికి చెప్పు" అంది వినోద. "ఖోఖోల రాష్ట్ర జట్టుకు తీసుకున్నరంట. రేపట్నుంచే క్యాంపు. ఆటలని తిరిగితె వచ్చే ఏడు టెన్త్ ఏమైతది? నేను చెప్తె ఇంటలేదు, నీ మాటైతె ఇంటది. నాడు నాకు చెప్పినట్టే చెప్పు."

అంతకంటే చెంప మీద కొట్టినా ఆయన ఓర్చుకునేవాడు. చేతిలోని ఆకులు జారిపోయాయి.

"పోనియ్యి బిడ్డా. నిన్ను ఆపి తప్పు జేసిన. మస్తు పెద్ద తప్పు. నీ సంబురాన్ని నా చేతులతోనే తెంపిన. దీన్నన్న ఉరకనియ్యి."

వినోద కళ్లలో నీళ్లు వస్తాయేమోనని ఆయన ఆశపడ్డాడు. రాలేదు.

"మొక్కప్పుడు వంచినవు నాయినా. మానైనంక ఇప్పుడు లేసి నిలబడుమంటె ఎట్ల నిలబడుత? నాకు తెల్సిన పెంపకం నీదే, ఇంకోటి రాదు. అయినా నాకేం తక్కువైందని?"

ఆమె వెటకారానికి అనలేదు. నిజంగానే అడిగింది. ఏం తక్కువైందో కూడా ఆమెకు గుర్తు లేదని ఆయనకు అప్పుడు అర్థమైంది.

అశ్రిత తల్లి మొహం చూసింది, తాత మొహం చూసింది. "నా గురించి లొల్లి వద్దు తాతా. నేను పోను తియ్యి" అంటూ కళ్లు తుడుచుకుని చెట్టు దగ్గరికొచ్చి, ఆయన సగంలో వదిలేసిన కొమ్మ పట్టుకుంది. "గిట్లనేనా దూసుడు?"

ఖోఖో ఆడే చెయ్యి, మహా చురుకు. ఆయన వద్దనేలోపే కొమ్మ బోడిదైపోయింది.

ఆ ఎండాకాలం చెట్టు విరగకాసింది. వాడకట్టంతా వచ్చి చూసి, "కిటుకేంది నర్సన్నా, మాకూ చెప్పరాదే" అని వెంటపడ్డారు. ఆయన కాయలన్నీ తెంపి వాళ్లకే పంచేశాడు. తను మాత్రం ఒక్కటీ నోట పెట్టలేకపోయాడు.